విమానం రెక్క కింద బాపు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం, ఆ తర్వాత ఎన్ని చదువులు చదివినా తిరిగి రాదు. ఆ రోజుల్లో నాకు అది నిండా ఉండేది. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు రెండు ప్రపంచ యుద్ధాలను రెండు పీరియడ్లలో ముగించి, మూడో పీరియడ్లో శాంతిని కూడా నెలకొల్పి, నాలుగో పీరియడ్లో పరీక్ష పెట్టేదాన్ని. అంతటి దాన్ని, ఆ ఏడాది చలికాలంలో ఒక్క మనిషిని ప్రాణాలతో ఉంచడం ఎలాగో తెలియక, నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడుకుంటూ తిరిగాను. ఆ మనిషి మా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం).

మాది సిరిసిల్ల. అప్పటికింకా అది జిల్లా కాలేదు. బాపు పెళ్లికి ముందు ఏడేళ్లు మహారాష్ట్రలోని భీవండిలో, ఆ తర్వాత వయసంతా సిరిసిల్లలో సాంచాలు నడిపాడు (మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు). ఆ చప్పుడులో బతికినవాళ్లు ఇంట్లో కూడా కేకలేసే మాట్లాడతారు. మా ఇంట్లో బాపు ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన రోజులున్నాయి. ఆ ఏడాది నూలు రావడం తగ్గింది, ఆర్డర్లు ఆగాయి, బాపు పనిచేసే కార్ఖానాకు తాళం పడింది. దసరా దాటిన కొన్నాళ్లకు, ముప్పై ఏళ్లుగా బాపు పక్క సాంచాల మీద పనిచేసిన దోస్తు తన ప్రాణం తనే తీసుకున్నాడు. మేం చిన్నప్పటి నుంచి ఆయన్ని కాకా అని పిలిచేవాళ్లం. దినాలు అయిపోయాక ఒకరోజు కంచం ముందు కూర్చున్న బాపు, ఎవరూ ఏమీ అడగకుండానే అన్నాడు. "వాడు నాకంటె తెలివిగల్లోడు బిడ్డా." చాలా నెమ్మదిగా అన్నాడు. మా బాపు నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ బీడీలు చేసేది. వరసగా కొన్నాళ్లు ఆకు, తంబాకు తెచ్చుకోకపోతే బీడీ పని కార్డు పోతుందని భయం, అందుకని సిరిసిల్ల కదిలే వీల్లేదు. నీ దగ్గర ఉంచుకో, ఊరు మారితే మనసు మారుతుందేమో అని బాపును నాతో పంపింది. కోరుట్లలో నాది ఒంటి గది. బాపు పొద్దున లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే, నేను సాయంత్రం వచ్చేదాకా ఆ గోడను ఆయనే మోస్తున్నట్టు కూర్చునేవాడు. నాకు బడిలో మనసు నిలిచేది కాదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఏదో మర్చిపోయానని గదికి ఉరికేదాన్ని. ఒకరోజు పెన్ను, ఒకరోజు దిద్దిన కాపీలు, ఒకరోజు గొడుగు (చలికాలంలో). ఒకసారి ఏమీ తోచక చెప్పులు మర్చిపోయానన్నాను. అవి కాళ్లకే ఉన్నాయి. బాపు నా కాళ్ల వంక చూశాడు. మిగతా సమయంలో కావలి ఇంటి యజమానురాలు ఖాలమ్మది. ఉర్దూ మాట్లాడే ముసలావిడ, తెలుగు మాకంటే బాగా తిట్టగలదు. నేను విషయం చెప్పీ చెప్పనట్టు చెబితే, పూర్తిగా అర్థం చేసుకుని, గంటకోసారి బాపును పిలిచి ఏదో ఒక డబ్బా మూత తియ్యమనేది. ఆ నెలలో ఆమె ఇంట్లో మూత తెరుచుకోని డబ్బా అంటూ మిగల్లేదు.

ఇంతలో బడివాళ్లు ఢిల్లీ టూరు పెట్టారు. ఆడపిల్లల బాధ్యత నాది, కాబట్టి వెళ్లక తప్పదు. ఖాలమ్మ ఉంది కదా అని ధైర్యంగా ఒప్పుకున్నాను. బాపుకు కూడా చెప్పాను. వారం రోజుల్లో ప్రయాణమనగా ఖాలమ్మ బిడ్డకు మల్లాపూర్‌లో నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి, ఆమె బట్టలు మూట కట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు బడిలో నాకు నల్లబల్ల కనిపించలేదు. అయితే మా వైపు బడి టూర్లకు ఒక పద్ధతి ఉంది. బియ్యం, పప్పు, చింతపండు, తొక్కుల డబ్బాలతో పాటు వంటమనిషిని కూడా వెంట తీసుకుపోతాం (ఢిల్లీలో రొట్టెలు తిని పిల్లలు చిక్కిపోతారని తల్లుల దిగులు). వంటమనిషికి తోడు ఇంకొకరు కావాలని మా ప్రిన్సిపాల్, అంటే పెద్దసారు, స్టాఫ్ రూములో అనగానే నేను లేచి నిలబడ్డాను. మా బాపు సిరిసిల్లలో పెద్ద పెద్ద పెళ్లిళ్లకు వండాడని, వెయ్యి మంది విస్తళ్లు కూడా ఆయన చేతి మీదుగా లేచాయని చెప్పాను. మా బాపు జన్మలో పొయ్యి దగ్గరికి వెళ్లింది బీడీ ముట్టించుకోవడానికే. సంగతి చెబితే ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నేనెందుకు, ఇల్లు కాచుకుంటూ ఇక్కడే ఉంటానన్నాడు. వంట రాదని సిగ్గుపడుతున్నాడనుకుని, గదికి తాళం వేసి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

ఢిల్లీలో సత్రంలో దిగిన మొదటి పూటే నా అబద్ధం ఉడకడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డలు కొయ్యమంటే బాపు పొర పొర విడదీసి, పోగుల్లా సన్నగా, అన్నీ ఒకే కొలతకు కోశాడు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. కాని గంటకు మూడు గడ్డలు తెగాయి. నలభై మంది పిల్లలు కంచాలు వాయిస్తున్నారు. వంటమనిషిది కథలాపూర్, ముక్కుసూటి మనిషి. పెద్దసారును పక్కకు పిలిచి, "గీయన పెండ్లిళ్లల్ల వండిండా సారూ, తిని అచ్చిండా?" అని అడిగాడు. రెండో రోజు ఉప్మాలో వంటమనిషి వేసిన ఉప్పు కాక బాపు కూడా వేశాడు. పెద్దసారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, సిరిసిల్లలో ఉప్పు కొంచెం ఎక్కువే తింటారు కావచ్చునన్నాడు. మూడో రోజు పొద్దున, ఈ మనిషిని మీ వెంట తీసుకుపోతే నాకు సగం పని తగ్గుతుందని వంటమనిషి చేతులెత్తి దండం పెట్టాడు. అలా బాపు మాతో పాటు యుద్ధ విమానాల మ్యూజియానికి వచ్చాడు.

ఆ మ్యూజియం బయట పెద్ద పెద్ద విమానాలు ఎండలో నిలబడి ఉన్నాయి. ఒకదాని ముక్కు సూది, ఒకదాని పొట్ట చూడి బర్రె. పిల్లలకు ఊపిరాడలేదు. పెద్దసారు మాత్రం ప్రతి బోర్డునూ నోట్సులో ఎక్కించమని హుకుం చేశాడు. ఒక పిల్ల ముట్టుకోరాదన్న బోర్డును కూడా గుండ్రటి అక్షరాలతో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. లోపలికి వెళ్తే గోడ నిండా పైలట్ల ఫోటోలు. అందరూ కుర్రవాళ్లు. నా వయసు వాళ్లు, నాకంటే చిన్నవాళ్లు, ఫోటో తీస్తున్నారని నవ్వు ఆపుకుంటున్నవాళ్లు. వాళ్లు పోయిన తేదీలు కింద రాసి ఉన్నాయి. వీళ్లంతా చనిపోయారా టీచర్ అని ఒక పిల్లవాడు అడిగాడు. రెండు పీరియడ్లలో ముగించిన యుద్ధంలో నేను ఈ ముఖాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తిరిగి చూస్తే బాపు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో ఫోటో దగ్గరా ఆగుతున్నాడు. చావు తలపు నుంచి తప్పించాలని కోరుట్ల నుంచి ఇంత దూరం తెచ్చి, చనిపోయినవాళ్ల ముందు నిలబెట్టాను. నా తెలివి అలాంటిది.

అక్కడి నుంచి పాత విమానాలున్న పెద్ద షెడ్డులోకి వెళ్లాం. నేను పిల్లల్ని లెక్కపెట్టాను. నలభై మందీ ఉన్నారు. బాపు లేడు. మళ్లీ ఫోటోల గదికి ఉరికాను, లేడు. బయట విమానాల మధ్య వెతికాను, లేడు. గేటు అవతల పెద్ద రోడ్డు, దాని మీద ఆగకుండా పోయే లారీలు. ఆ రోడ్డును చూసి నాకు ఏమేం తోచాయో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని బాపూ బాపూ అని అరుస్తూ షెడ్డులోకి వచ్చేసరికి, మూలన రెండంతస్తుల రెక్కల పాత విమానం ఒకటి, దాని చుట్టూ కట్టిన తాడుకు ఇవతల ఒక ముసలి ఉద్యోగి, తాడుకు అవతల, కింది రెక్క కింద, వెల్లకిలా పడుకుని మా బాపు. రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కదలడం లేదు.

ఆ ఒక్క క్షణంలో నేను ముసలిదాన్నైపోయాను. తరువాతి క్షణంలో ఆ కాళ్లలో ఒకటి రెండోదాన్ని గోక్కుంది. నేను తాడు దాటి, ఆ కాలు పట్టుకుని లాగాను. పిల్లలున్నారని గాని, పెద్దసారు ఉన్నాడని గాని, ఢిల్లీ అని గాని గుర్తు లేదు.

"నువ్వు గూడ పోయినవనుకున్న బాపూ. కాకా లెక్క నువ్వు గూడ పోయినవనుకున్న."

అన్నాళ్లుగా పెన్నులని, గొడుగులని దాచిన మాట అంతమంది ముందు బయటపడింది. పిల్లల పెన్సిళ్లు ఆగిపోయాయి. బాపు లేవబోయి రెక్కకు నెత్తి కొట్టుకుని, మళ్లీ పడుకుని, పక్కనుంచి పాకి వచ్చాడు. చేతిలో గుడ్డ పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం. తాళం పడ్డ కార్ఖానా నుంచి ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే, జేబులో ఉందని నాకు తెలియదు. నా ముఖం చూశాడు. ఇన్నాళ్లూ నేను దేనికి ఉరుకుతున్నానో ఆయనకు తెలుసని అప్పుడు నాకు తెలిసింది.

"ఏడువకు. గుడ్డ బిడ్డా గిది," అన్నాడు. "ఇనుము అనుకున్న. రెక్క మొత్తం గుడ్డనే. గీ గుడ్డ మీద మనిషి మొగులుకు పోయిండు."

ముసలి ఉద్యోగి బాపును తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒకప్పుడు వైమానిక దళంలో చేసినవాడట. బాపు ఆయన వైపు తిరిగి, భీవండి హిందీలో, రంగు లేచిన చోట పోగులు లెక్కపెట్టానని, రెక్క కొసన వేసిన మాసిక వేరే మగ్గం గుడ్డ అని, దానికి పేక పలచగా పడిందని చెప్పాడు. (బాపుకు అంత హిందీ వచ్చునని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన భీవండి గురించి మేం ఎప్పుడూ అడగలేదు కూడా.) ఉద్యోగి టార్చి తెచ్చి, తనూ ఒంగి చూసి, ఇన్నేళ్లుగా ఇక్కడే నిలబడుతున్నా ఈ సంగతి తెలియలేదని ఒప్పుకున్నాడు. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి, డప్పులా బిగుసుకునేటట్టు మందు పూస్తారని చెప్పాడు. మేం పడుగుకు గంజి పెట్టినట్టేనన్నాడు బాపు. అది వేరు, ఇది వేరని ఆయన. రెండూ ఒకటేనని ఈయన. చూస్తుండగానే బాపు గొంతు పెరిగి పెరిగి సాంచాల ఎత్తుకు చేరింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను. పిల్లలు బోర్డులు వదిలేసి బాపు చుట్టూ చేరారు. పెద్దసారు నా పక్కకు వచ్చి, మెల్లగా, మీ బాపు వంటమనిషి కాడు కదా టీచర్ అన్నాడు. కాదు సార్ అన్నాను. "ఉప్మా తిన్ననాడే తెల్సింది," అని, పిల్లల్ని లెక్కపెట్టడానికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి బాపు మారిపోయాడని రాయాలని ఉంది. అలా ఏమీ కాలేదు. కార్ఖానా తాళం ఏడాదిన్నర దాకా తియ్యలేదు. మంచి రోజులు, చెడ్డ రోజులు కలిసే నడిచాయి. నేనూ, బిడ్డ దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఖాలమ్మా కావలి మానలేదు. కాకపోతే ఆ తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం పూట, పిల్లలు పై బెర్తుల మీద గోల చేస్తుంటే, కిటికీ పక్కన పల్లీలు వలుస్తూ బాపు నాతో ఒక మాట చెప్పాడు.

"నువ్వు టూరు పోతున్ననంటె నాకు నిమ్మళమైంది బిడ్డా."

ఎందుకని అడిగాను.

"వారం దినాలు నువ్వుండవు గదా అని."

పల్లీలు నా చేతిలో పోశాడు. నేను వాటిని అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో ఉంటానని ఆయన ఎందుకన్నాడో, నన్ను అంతసేపు ఎందుకు చూశాడో రైలు కదులుతుంటే ఒక్కొక్కటిగా అర్థమైంది.

"అన్ని అనుకున్నంక నువ్వచ్చి, వంట జెయ్యాలె నడువుమంటివి," అన్నాడు. అని నవ్వాడు. ముందు నాకు నవ్వు రాలేదు. తరువాత ఆ ఉల్లిగడ్డలు కళ్ల ముందు మెదిలి నవ్వొచ్చింది. ఇద్దరం కళ్లనీళ్లు కారేదాకా నవ్వాం. పాపం వంటమనిషి తన గురించేననుకుని ముఖం తిప్పుకున్నాడు.

బాపుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. సిరిసిల్లలోనే ఉన్నాడు, ఎవరి చొక్కా అయినా సరే కొస పట్టుకుని నేత బాగాలేదని చెబుతాడు. నా తెలివి వల్లే ఆయన దక్కాడని చాలా ఏళ్లు లోలోపల గర్వపడ్డాను. ఈ మధ్యనే లెక్క సరిగ్గా తేలింది. ఖాలమ్మ బిడ్డ ఇంకో పది రోజులు ఆగి కని ఉంటే, నేను ఆయన్ని ఒక ముసలావిడకూ నాలుగు డబ్బాలకూ అప్పజెప్పి, నిశ్చింతగా రైలెక్కి, పిల్లలకు విమానాలు చూపించడానికి పోయేదాన్నే. స్టాఫ్ రూములో నిలబడి వెయ్యి విస్తళ్ల అబద్ధం ఆడి, గెలిచానని గదికి ఎగురుకుంటూ పోయిన ఆ పిల్ల గుర్తొస్తే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. ఎంత అంచున నిలబడి అబద్ధమాడుతోందో దానికి తెలియదు. తెలిస్తే నోరు పెగిలేది కాదు.