ఆట మీద మోపిన తప్పు

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో తోటి పిల్లను కొట్టిందని బడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దుకాణంలో కందిపప్పు బస్తా విప్పి, దాన్ని పంపిన హోల్‌సేల్ వ్యాపారితో వాదిస్తున్నాను. పప్పులో నూక ఎక్కువుందని నా గోల. నిజానికి పప్పు బాగానే ఉంది. కానీ కొనేవాడు ముందు సరుకులో లోపం చూపాలని మా తాత మా నాన్నకూ, మా నాన్న నాకూ నేర్పారు. పటాన్‌చెరు అంగట్లో పెరిగినవాళ్లం. లోపం కనబడకపోతే మేమే ఒకటి పుట్టిస్తాం.

బేరం సగంలో వదిలి బడికి వెళ్లాను.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో మా అమ్మాయి మూలన నిలబడి ఉంది. పక్క బెంచీ పిల్ల సరదాకు దీని కంపాస్ పెట్టె తీసి సంచిలో దాచిందట. ఇది ఆ పిల్లను చొక్కా గల్లా పట్టి గోడకు నెట్టి, అరచేత్తో కాదు, చేతి వెనుక వైపుతో చెంప మీద కొట్టిందట.

"కొట్టడం ఒక్కటే కాదండీ. నోరు కూడా చేసుకుంది. ఏమన్నావో మీ డాడీకి చెప్పమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్.

మా అమ్మాయి నేల చూపులు చూస్తూ చెప్పింది. "మొఖం జూస్తెనే తెలుస్తది దొంగవని."

ఆ మాట నాది. వినగానే గుర్తుపట్టాను.

మా దుకాణం చిట్కుల్ వెళ్లే దారిలో ఉంది. చుట్టూ కంపెనీ పనివాళ్ల కిరాయి గదులు. అంతకు నెల ముందు ఒక సాయంత్రం ఒడిశా నుంచి వచ్చిన పనివాడొకతను సబ్బు తీసుకుని, ఫోన్‌తో డబ్బు పంపి బయలుదేరాడు. డబ్బు అందితే పైకి చెప్పే చిన్న స్పీకరు మా కౌంటర్ మీద ఉంటుంది. అది పలకలేదు. "పైసా భేజ్ దియా భయ్యా" అని, డబ్బు పంపేశానంటూ అతను ఫోన్ చూపిస్తూనే ఉన్నాడు. నేను దాని వైపు చూడలేదు. గల్లా పట్టి షట్టర్‌కు ఆనించి, చేతి వెనుక వైపుతో కొట్టాను. దుకాణంలో ఉన్న నలుగురికీ వినబడేలా ఆ మాట అన్నాను. కాసేపటికి సిగ్నల్ వచ్చి, ముప్పై రూపాయలు అందాయని స్పీకరు తీరిగ్గా ప్రకటించింది.

తప్పయిందని అతనికి చెప్పలేదు. సీసాలోంచి రెండు చాక్లెట్లు తీసి అతని ముందు పెట్టాను. మనిషి చెంపకు నేను కట్టిన వెల అది. అతను వాటిని ముట్టుకోలేదు. సబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా వైపు రాకుండా రోడ్డుకు అవతలి అంచున నడిచేవాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి బియ్యం బస్తా మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది.

ఇదంతా నాకు ఆ గదిలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నేను చేసిన పని చెబుతాను.

హెడ్‌మిస్ట్రెస్ శిక్ష చెప్పింది. పది రోజులు బడికి రాకూడదు. సంగారెడ్డిలో జరిగే ఖోఖో పోటీల జట్టులోంచి పేరు తీసేస్తారు. ఆ జట్టు కోసం మా అమ్మాయి రెండేళ్లు మోకాళ్లు చెక్కించుకుంది. దాని ముఖం పాలిపోవడం చూశాను. వెంటనే నాలోని బేరగాడు లేచి కూర్చున్నాడు.

"మేడమ్, పిల్ల మంచిదే. గా ఫోన్ల తుపాకులాట ఉన్నది జూడుండ్రి, గది ఖరాబ్ జేసింది. దినాం గదే పని. కాల్చుడు, సంపుడు. ఇగ దిమాక్ ఏం గావాలె?"

దినాం కాదు. ఆదివారం ఒక గంట, జహీరాబాద్‌లో ఉండే మా బావమరిది కూతురితో కలిసి ఆడేది. ఆడినంతసేపూ ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. ఆ ఆట ఏమిటో నేను ఒక్కసారీ సరిగ్గా చూసింది లేదు.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో ముందుకు జరిగింది. "చూశారా! నేను ఎన్నాళ్ల నుంచో ఇదే మొత్తుకుంటున్నాను," అంది. సరుకు నచ్చినవాళ్ల కళ్లు ఎలా ఉంటాయో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంకాస్త పొగిడాను. చివరికి లేచి నిలబడి, "కాదంటె టీసీ ఇయ్యుండ్రి మేడమ్, ఏం జేస్త," అన్నాను. మా గల్లీ నుంచి ఇంకో ముగ్గురు పిల్లలు అదే బడికి వస్తారని, మేం పోతే వాళ్లూ పోతారని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి నాకూ తెలుసు.

పది రోజులు రెండయ్యాయి. ఖోఖో నిలిచింది. బదులుగా ఒక ఉత్తరం రాసివ్వాలంది. నేను చెబుతుంటే మా అమ్మాయి రాసింది. ఒకచోట కలం ఆపింది.

"'ఆట వల్ల నా మనసు చెడిపోయింది' అని రాయాల్నా డాడీ?"

"రాయి బిడ్డా. ఒక్క లైనే గదా."

రాసింది.

ఫోన్‌లో ఆటలు పిల్లల చేత చెయ్యి ఎత్తిస్తాయో లేదో నాకు తెలియదు. కొందరి చేత ఎత్తిస్తాయేమో. చదువుకున్నవాళ్లు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ రోజు ఎదురు చెప్పలేనిది ఒకటి కావాల్సి వచ్చింది. దుకాణంలోని నలుగురిలో ఎవరైనా వచ్చి నన్ను చూపించగలరు. ఆట నోరు విప్పి ఏమంటుంది?

నా మాటలు హెడ్‌మిస్ట్రెస్‌కు ఎంత నచ్చాయంటే, ఆ శనివారం తల్లిదండ్రుల సమావేశంలో అవే నాలుగు ముక్కలు చెప్పమంది. చెప్పాను. తండ్రిగా నా బాధ అంటూ ఒకచోట గొంతు కూడా తగ్గించాను. చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఒకామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మా అమ్మాయి చేతిలో దెబ్బ తిన్న పిల్ల తల్లి. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

"మీ పాపది ఏం తప్పు లేదన్నా. గా గేమ్‌దే. మా పిల్ల గూడ ఫోన్ వట్టుకునే ఉంటది. నిన్న మేడమ్ మీ పాప లెటర్ జూపించింది. ఇంట్ల గీ సంగతే చెప్తె మా ఆయన దానికి నాలుగు దెబ్బలేసి ఫోన్ గుంజుకున్నడు."

మా అమ్మాయి నా పక్కనే ఉంది. అంతా విన్నది.

ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా అడిగింది.

"గా ఆటల గల్లా పట్టుడు ఉండదు డాడీ. నీకు ఎరుకేనా?"

నేను నీళ్లు తాగుతున్నట్టు నటించాను.

"కొట్టింది నేనే. గది నా తప్పే. గని లెటర్‌ల రాసింది అబద్ధం. దాంతోని ఆ పిల్లను రెండుసార్లు కొట్టినట్టయింది. ఒకసారి నేను, ఒకసారి వాళ్ల డాడీ."

"ఇప్పుడు పోయి చెప్తె ఖోఖో పోతది బిడ్డా."

"ఎరుకే."

అది ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాణ్ని. ఏడవలేదు.

సోమవారం ఇద్దరం హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడ్డాం. అక్కడా నేను, "ఆట తప్పు కొంత, నా తప్పు కొంత," అని మొదలుపెట్టాను. మా అమ్మాయి నా వైపు చూసింది. అప్పుడు సబ్బు సంగతి చెప్పాను. చాక్లెట్ల సంగతీ చెప్పాను. సమావేశంలో నాకు చప్పట్లు మొదలుపెట్టింది ఆ హెడ్‌మిస్ట్రెస్సే. ఫైలు తెరిచి ఉత్తరం తీసి మా అమ్మాయి చేతికిచ్చింది.

"అయితే పది రోజులేనమ్మా. ఖోఖో కూడా లేదు," అంది. రెండు రోజులు అప్పటికే అయిపోయాయి కదా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మాయి "సరే మేడమ్" అనేసింది.

బయటికి వచ్చాక, "ఇగ ఆంటీకి ఎవరు చెప్తరు?" అంది.

మందుల కంపెనీలో మొదటి షిఫ్టు రెండు గంటలకు వదులుతారు. గేటు ఎదురుగా బండి ఆపి, చెప్పాల్సింది పైకి అనుకుని చూశాను.

"చెల్లె, గేమ్‌ది గూడ జెర ఉన్నది గని..."

"మల్ల గేమ్ ఎందుకొచ్చింది డాడీ?"

మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ వంకర పోయింది. మూడోసారికి గేటు తెరిచారు. తలకు పెట్టుకున్న నీలం టోపీలు తీసుకుంటూ ఆడవాళ్లు గుంపుగా బయటికి వస్తున్నారు. వాళ్లలోంచి ఆమె మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. మంచివాడొకడు తన కోసం వచ్చాడని నవ్వుతూ రోడ్డు దాటి మా వైపు వచ్చింది.

నేను బండి దిగాను.