నునుపు చేయించిన రాయి

ఎనిమిదేళ్లుగా ఒక మాటను దిగమింగుకుని తిరుగుతున్నాను. పొద్దున లేస్తే నాకంటే ముందే అది లేచి కూర్చుంటుంది. మూడో తరగతితో బడి మానినదాన్ని, రాత వంకరగా ఉంటే సర్దుకో. నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను.

నా కొడుకు కూతురు సూళగిరి పక్కన మా ఇంట్లో, నా చేతుల్లోనే పెరిగింది. హోసూరు బడిలో డ్రిల్లు టీచరమ్మ దాని చేతికి ఇనుప గుండు ఇచ్చింది. అందరికన్నా దూరం విసిరింది. టీచరమ్మ మురిసిపోయి పేపర్లోని బొమ్మ ఒకటి కత్తిరించి ఇచ్చింది. బల్గేరియా దేశపు ఆడమనిషి, గుండును మెడకు ఆనించుకుని నిలబడి ఉంది. ఆ దేశం ఏ దిక్కున ఉందో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆమె ఎక్కడ గెలిచిందో, ఎక్కడ వెనకబడిందో, వెనకబడిన మరుసటేడు ఎలా లేచిందో అన్నీ మా పిల్లకు నోటికి వచ్చు. నేను పొయ్యి చూసుకుంటూ ఊకొట్టేదాన్ని.

ఎండాకాలం సెలవుల్లో గుండు బడి బీరువాలో ఉండిపోతుంది. బడి తెరిచిన వారానికే కృష్ణగిరిలో పోటీ. గెలిస్తే మద్రాసు తీసుకుపోయి, హాస్టల్లో పెట్టి నేర్పిస్తారట. ఇనుప గుండు కొనిపెట్టే స్తోమత నాకు లేదు. టీచరమ్మను అడిగి గుండును ఒక్కరోజు తెచ్చుకుని, మామిడితోటలో నేను కాయలు తూచే తక్కెడలో ఒకవైపు పెట్టి, రెండోవైపు సరితూగేలా బర్గూరులో రాళ్లు కొట్టే ఆయనతో గుండ్రాయి చెక్కించాను. అప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు. లేదనే అనుకుంటున్నాను.

ఆ రాయి విసిరి విసిరి పది రోజులకు పిల్ల భుజం వాచింది. రోజూ ఆముదం రాశాను. అదే వారం తోటలో కాయలు కోసే ఆడవాళ్లు, మద్రాసు పోయిన పిల్ల మళ్లీ నీ గుమ్మం తొక్కుతుందా అన్నారు. రాయి గరుకుగా ఉంది, చేయి గీసుకుంటోంది అని చెప్పి నునుపు చేయించడానికి తీసుకుపోయాను. గరుకుగా ఉన్న మాట నిజమే. రెండోసారీ కొంచెం నిజమే. మూడోసారి గరుకు లేదు. అయినా ఇంకొంచెం తియ్యప్పా అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఉలి అందుకున్నాడు.

భుజం కోసమా చేశాను? మద్రాసు పోకూడదనా? ఒకరోజు ఇదనిపిస్తుంది, ఒకరోజు అదనిపిస్తుంది. రెండూ కలిసి ఉంటే దాన్ని ఏమంటారు?

ఆ సాయంత్రం పిల్ల రాయిని అరచేతిలో ఎగరేసి చూసింది.

"అవ్వా, ఇది తేలికైనట్టుందే. తక్కెడలో పెట్టి చూద్దామా?"

"రాయి యాడన్నా తేలికవుతుందా పాపా? నీ చేతికి బలమొచ్చింది, అంతే."

నమ్మింది. పగలంతా కాయలు తూచే అవ్వ బరువు విషయంలో తప్పు చెబుతుందని ఏ పిల్ల అనుకుంటుంది? దాని ముఖంలో ఆ రోజు చూసినంత సంతోషం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

కృష్ణగిరిలో ఇనుప గుండు దాని చేతిని కిందికి లాగేసింది. మూడుసార్లూ దగ్గరలోనే పడింది. తిరుగు బస్సు సూళగిరి చేరింది. దిగేముందు, నాకున్న బలం ఎటు పోయిందవ్వా అని మెల్లగా అడిగింది. దిగు, బస్సు కదులుతుంది అన్నాను.

మళ్లీ గుండు ముట్టలేదు. పెళ్లయి ఇప్పుడు హోసూరులో ఉంది. బరువైనదేదైనా ఎత్తాలంటే, నావి బలం లేని చేతులు అంటూ నవ్వుతుంది. ఆ నవ్వు వినలేక లేచిపోతాను.

బల్గేరియా ఆమెకూ ఇంట్లో అవ్వ ఉండి ఉంటుందా? ఉంటే ఏం చేసి ఉంటుంది? ఇలాంటివి ఆలోచించడం కూడా తప్పించుకోవడమేనేమో.

దాని చేతుల్లో లోపం లేదు. బరువు తగ్గించింది నేను, బలమొచ్చిందని చెప్పింది నేను. దాని ఎదుట అనలేని మాటను నీ ఎదుట అనేశాను. కాస్త తేలికైంది. ఇలా తేలికవడం నాకు న్యాయమేనా, అదీ తెలియడం లేదు.