ఊళియం అయిపోయినాక

దేవుని పనిని మా ధర్మపురి చర్చిల్లో అరవంలో ఊళియం అంటారు. ఆ ఊళియంలోనే నేను ముసలిదాన్నయినాను. పెళ్ళి చేసుకోలేదు. బైబిల్ అమ్మ అని పేరు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ పక్కన కూర్చొని ప్రార్థన చేసేదాన్ని. పెద్దాసుపత్రిలో మంచం మంచానికీ పోయి, తలమీద చెయ్యిపెట్టి, కండ్లు మూసుకొని అరవంలో ప్రార్థించేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయినాక పాస్టరు నాకు శాలువ కప్పినాడు. "అమ్మ ఇంక విశ్రాంతి తీసుకుంటారు" అని మైకులో చెప్పినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ వారంలోనే చర్చి వెనకాల నేనుండే గదిని ఖాళీ చెయ్యమన్నారు. పాటలవాళ్ళ డ్రమ్ములు, స్పీకర్లు పెట్టుకోవడానికి చోటు చాలలేదంట. ఎక్కడికి పోతావని నన్ను అడిగింది ఒక్కడే, సామాను ఎక్కించుకున్న ఆటోవాడు.

పెన్నాగరం దారిలో ఉండే తమ్ముడి ఇంటికి పోయినాను. మావాళ్ళు కూలి చేసుకొని బతికేవాళ్ళు. నేను చర్చిలో చేరినప్పుడు మా నాయన నాతో మాట మానేసినాడు, మళ్ళీ మాట్లాడకుండానే పోయినాడు. తమ్ముడు మాత్రం "రా అక్కా" అన్నాడు. మరదలు చాప, దిండు తెచ్చి ఒక మూలన వేసి, ఎదుటి గోడకున్న మురుగన్ పటానికి దీపం పెట్టి వంటకు పోయింది.

కొన్నాళ్ళు ప్రతి ఆదివారం బస్సెక్కి చర్చికి పోతావచ్చినాను. ఒకసారి ఒకామె గేటు దగ్గర నన్ను చూసి, "అమ్మా, మీరు ఊర్లోనే ఉండారా?" అనింది. ఆమె బిడ్డకు జ్వరమొచ్చి ఫిట్సు వస్తే ఆ బిడ్డ మంచం దగ్గర్నుంచి కదలకుండా కూర్చున్నదాన్ని నేను. ఎందుకో ఆ మాట తర్వాత నాకు పోబుద్ధి కాలేదు.

ఒక పొద్దున మరదలికి మూతి పక్కకు తిరిగింది, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినాయి. తమ్ముడు చెరుకు నరికేదానికి పోయుండాడు. నేనే అంబులెన్సు పిలిచి పెద్దాసుపత్రికి తీసకపోయినాను. డాక్టరు చూసి, సూదులేసి, వార్డులో పండుకోబెట్టినారు. అలవాటు ప్రకారం ఆమె తలమీద చెయ్యిపెట్టి కండ్లు మూసుకున్నాను.

"వదినా," అనింది మరదలు, ఆ వంకర మూతితోనే. "సామి మాటలు వద్దు. నన్ను ఒంటికి తీసకపో."

నాకు కోపమొచ్చింది. అయినా భుజం పట్టి లేపి, గోడ పట్టిస్తా బాత్రూముకు తీసకపోయినాను. కడిగి, చీర సర్ది, మళ్ళీ తెచ్చి పండుకోబెట్టినాను. ఆమె నా చేతిని వదలకుండా నిద్రపోయింది. పక్కన కూర్చొని ఆలోచన చేసినాను. ఇన్నేళ్ళు నేను కండ్లు మూసుకొని నిలబడిన మంచాల మీద ఎంతమందికి ఒంటికి పోవాలని ఉండిందో. పాస్టరమ్మలూ, పెద్దలూ, మాకు పాఠాలు చెప్పినవాళ్ళూ ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అడగడం నేర్పలేదు.

కొన్నాళ్ళకు మరదలు కాలీడ్చుకుంటా ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో నేను ఆమె పక్కనే ఉండి చూసుకున్న సంగతి వీధిలో తెలిసింది. "అక్కా, మా అమ్మను ఆసుపత్రికి చూపించాల. నేను పనికి పోకపోతే కుదరదు. నువ్వు తోడు పోతావా?" అని ఒకామె అడిగింది. పోయినాను. ఆమె తర్వాత ఇంకొకరు. వరసలో నిలబడేది, సంచి పట్టుకునేది, బాత్రూముకు తీసకపోయేది, డాక్టరు అరవంలో చెప్పింది మళ్ళీ తెలుగులో చెప్పేది. అంతే నా పని. ప్రార్థన ఎవరైనా అడిగితే చేద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

మొన్న ఒక ముసలామె మంచం పక్కన ఉండగా పాస్టరు వచ్చినాడు, వెంట నలుగురు ఆడపిల్లలు, చేతుల్లో ఫోన్లు.

"అమ్మా! ఇంకా ఊళియం విడవలేదా మీరు!" అని సంతోషంగా అరిచినాడు. "ఆ అమ్మ తలమీద ఒక్కసారి చెయ్యి పెట్టండి. ఫోటో తీసి చర్చి గ్రూపులో వేద్దాం."

"వద్దయ్యా. ఇది చర్చి పని కాదు. మా వీధి పని."

"ఎవరి పనయితేనేం అమ్మా, మహిమంతా దేవునిదే కదా."

ముసలామె ఒంటికి పోయేదానికని మంచం కిందనుంచి తీసిన బెడ్‌పాన్ అప్పుడు నా చేతిలో ఉంది. "అయితే ఇది పట్టుకోండి, నేను ఆమెను పక్కకు తిప్పుతాను" అన్నాను.

పాస్టరు వెనక్కి జరిగినాడు. ప్రార్థన కూటానికి టైమయిందన్నాడు. పోతా పోతా ఒక పిల్ల నన్ను ఫోటో తీసింది. అది గ్రూపులో వేసినారంట. "విశ్రాంతిలోనూ మా సంఘ సేవ" అని కింద రాసినారని తమ్ముడు ఎవరో పంపింది తన ఫోన్లో చూసి చదివి వినిపించినాడు. బెడ్‌పాన్ కనపడకుండా కత్తిరించినారు.

"మంచిదే కదక్కా" అన్నాడు తమ్ముడు.

నేను సంచి సర్దుకున్నాను. రేపు ఇంకొకామెను కంటి డాక్టరు దగ్గరికి తీసకపోవాల. పొద్దున లేస్తే పోవడానికి చోటుంది, నాకోసం చూసే మనిషుంది. చర్చిలో ఉన్నప్పుడు ఈ రెండూ ఉన్నాయనే అనుకున్నాను. చర్చివాళ్ళ మీద కోపం మాత్రం పోలేదు. పోగొట్టమని దేవుణ్ణి అడగనూ లేదు.