చంద్రకాంత పూసే వేళ

రోహిణి కార్తెలో ఒకనాడు, కాటారం నుంచి భూపాలపల్లి వచ్చే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఆమె ఒళ్లో వేళ్లతో సహా పెకిలించిన చంద్రకాంత చెట్టు ఉంది. వేళ్లకు తడిగుడ్డ చుట్టింది. సీసాలో నీళ్లు తాను ఒక్క గుక్క తాగి, మిగిలినవన్నీ ఆ గుడ్డమీద పోసింది.

"ఎటు తీస్కపోతున్నవ్ అవ్వా?" అన్నాను.

"కొత్త కాలనీకి బిడ్డా. మా ఊరు బొగ్గుబాయిల పోయింది. పొద్దుగాలనే ఇల్లు కూలగొట్టిన్రు. ఇంత ఎండలకు అన్ని చెట్లు మాడినయి గని గిదొక్కటి పూస్తనే ఉన్నది. పొద్దుగూకంగ గిది పూసినంకనే పొయ్యి ముట్టిచ్చేటోళ్లం. నలభై ఏండ్లు మాకు గదే గడియారం."

కిటికీ అవతల ఆకు రాల్చిన టేకు అడవి ఏరులా పారుతోంది. చూస్తూ చూస్తూ నేను కునుకులోకి జారిపోయాను. కలలోకే వచ్చినట్టు సన్నని వాసన తగిలి కళ్లు తెరిచాను. అవ్వ ఒళ్లో గులాబీరంగు పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

అవ్వ వాటిని అరచేత్తో మెల్లగా కప్పింది.

"ఇల్లు లేదని దీనికి తెల్వది బిడ్డా. వంటకు యాళ్లయిందని చెప్తాంది."

దిగేముందు నా చేతిలో మిరియాల్లాంటి నాలుగు గింజలు పెట్టింది. పేరు అడగలేదు నేను.

జనగామలో మా పెరట్లో ఇప్పుడు వేసవి చివర కూడా రంగు ఉంటుంది. సాయంత్రం ఇంట్లోవాళ్లు ఆకలి అంటే, "ఇంకా పూయలేదు" అంటాను.