ఎముక అతుక్కునే దాకా

మాస్కుల కాలం నాకు ఒక రకంగా మేలే చేసింది. అందరూ మూతికి గుడ్డ కట్టుకుని తిరిగేటప్పుడు, నాకు ముందు పండ్లు లేవని ఎవరికీ తెలియలేదు.

కరోనా వచ్చిన ఏడే నా చిగుళ్లు వాచి చీము పట్టినాయి. అప్పటికి నేను షార్జాకు వచ్చి ఆరేండ్లు. రోలాలో ఒక ఫ్లాట్‌లో మంచం వరకు బాడుగకు తీసుకుని, రెండిండ్లలో వంట చేసేదాన్ని. ఆ నెలల్లో బయటికి పోవాలంటే భయం, ఆస్పత్రికి పోవాలంటే ఇంకా భయం. లవంగం బుగ్గన పెట్టుకుని, ఉప్పునీళ్లు పుక్కిలించి నెట్టుకొచ్చినా. అన్నీ తెరిచినాక పోతే, పై వరసలో ముందు పండ్లు మూడు ఊగులాడతా ఉండాయి. తీసేసినారు. నొప్పి పోయింది, అంతే చాలనుకుని మాస్కు పెట్టుకుని పనికి పోయినా.

రెండేండ్లకు మాస్కులు తీసేయొచ్చు అన్నారు. నేను వంట చేసే నెల్లూరోళ్ల ఇంట్లో ఐదేండ్ల పాప ఒకతి ఉండేది. నన్ను మాస్కుతోనే చూసి పెరిగిన బిడ్డ. ఆ పొద్దు నా మొగం చూసి, చేతిలో బిస్కెట్టు అట్లనే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆంటీ, నీ నోరు ఇట్లా ఉంటుందా?" అనింది.

మాస్కు కింద ఇంకేదో మొగం ఊహించుకున్నట్టుంది పాపం. వాళ్లమ్మ "ఉష్" అని కసిరింది. నేను నవ్వబోయి చున్నీ అడ్డం పెట్టుకున్నా. ఆ చున్నీ మళ్లీ దిగలేదు. నా అన్నం నేను అందరూ తిన్నాక, వంటింట్లో గోడ దిక్కు తిరిగి తినేదాన్ని. రొట్టె ముక్క కొరకాలన్నా ముందు చేత్తో తుంచుకోవాల. సంగటి ఒక్కటే సుఖం. దానికి పండ్లతో పని లేదు, ముద్ద మింగితే సరి.

మాది రాయచోటి దిక్కు. దూదేకులోళ్లం. నమాజు అరబ్బీలో, మిగిలిన బతుకంతా తెలుగులో. నాకు మిగిలిన సొంత మనిషి మా చెల్లెలొకతే. అది వీడియో ఫోన్ చేస్తే నేను పైన తిరిగే ఫ్యాను చూపిస్తా మాట్లాడేదాన్ని.

"ఏమ్మే అక్కా, నీ మొగం కన్నా ఆ ఫ్యానే బాగుండాదా? రెండేండ్ల నుంచి దాన్నే చూస్తాండా. దానికన్నా ఒక సలాం చెప్పు నా పేరు మీద" అనేది.

దానికి చూపించడానికే నాకు సిగ్గు. చిన్నప్పుడు మా నాయనమ్మకు, జేజి అనేవాళ్లం, పండ్లు లేకపోతే, ఆమె వక్క దంచుకుంటా ఉంటే, ఇద్దరం ఎదురుగా కూర్చుని బుగ్గలు లోపలికి పీల్చి ఎక్కిరించేవాళ్లం. ఆ ఎక్కిరింపు దానికి నేర్పించింది నేనే. జేజి రోకలి ఎత్తితే మొదట పరిగెత్తేదాన్ని గూడా నేనే.

చివరికి ధైర్యం చేసి ఒక క్లినిక్కుకు పోయినా. డాక్టరమ్మ మలయాళీ ఆమె, హిందీలో మాట్లాడేది. ఫోటో తీసి తెర మీద చూపించింది. రెండు దిక్కులా ఎముక తెల్లగా గట్టు మాదిరి ఉండాది. నడుమ మాత్రం వానకు కోసుకుపోయిన చేని గెనిమె మాదిరి సన్నగా, లోతుగా ఉండాది.

"స్క్రూ దించి దాని మీద పన్ను బిగిస్తాం. కానీ స్క్రూ పట్టుకోవడానికి నీకు ఇక్కడ ఎముక లేదమ్మా" అనింది.

"ఎక్కడికి పోయింది మేడమ్?"

"పన్ను పోయినాక దాని ఎముకకు పని ఉండదు. పని లేక కరిగిపోతుంది."

ఆ మాట ఇంటికి వచ్చేదాకా నా వెంటే వచ్చింది.

ఆమె చెప్పిన దారి ఇది. చిగురు కోసి, తగ్గిన చోట ఎముక పొడి నింపి, పైన పల్చటి పొర కప్పి కుట్లు వేస్తారు. ఆరు నెలల్లో ఆ పొడి నా ఎముకతో కలిసి అతుక్కోవాల. అతుక్కుంటేనే స్క్రూ. "దేని ఎముక మేడమ్?" అని అడిగినా. ఆమెకు అర్థమయింది. "పొడి గానీ పొర గానీ పందిది కాదు, ఆవుది. శుద్ధి చేసింది" అని డబ్బీ మీద అక్షరాలు చూపించింది. నాకు ఆ అక్షరాలు రావు. ఆమె మొగం చూసి నమ్మినా.

అది అతుక్కుంటే చెల్లెలికి మొగం చూపిస్తా. అంతే అనుకున్నా. ఆ ఏడంతా నేను దేవుడిని అడిగింది అదొక్కటే.

ఆ దినం కుర్చీలో కూర్చోబెట్టి, "తోడు ఎవరు వచ్చినారు?" అని నర్సు అడిగింది. ఆమెది పాకిస్తాన్. "కింద ఉండారు" అని చెప్పినా. కింద ఎవరుండారు, ట్యాక్సీలు ఉండాయి.

పని అయినాక జాగ్రత్తలు చెప్పినారు. తల ఎత్తుగా పెట్టి పడుకోవాల. చల్లటి గంజి తాగాల. స్ట్రాతో పీల్చగూడదు, గట్టిగా ఉమ్మగూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు వారాలు నోరు పుక్కిలించగూడదు. డాక్టరమ్మ రాసిచ్చిన మందునీళ్లు దూదితో అద్దుకోవాల, అంతే. నేను చదువుకోలేదు గానీ ఒకసారి విన్నది మరిచిపోను. అన్నీ వరసగా ఆమెకే తిరిగి అప్పజెప్పినా.

"శభాష్" అనింది.

మా గదిలో నలుగురం. నలుగురివీ నాలుగు డ్యూటీలు. తలుపు దగ్గర చెప్పులు చూసి ఎవరు ఉండారో, ఎవరు పోయినారో తెలుసుకుంటాం. మొగాలు చూసుకునేది శుక్రవారమే, అది గూడా అందరికీ కుదిరితే. ఆ పదిదినాలు పనికి పోకుండా మంచం మీద ఉండా. మాటలు ఆపుకోలేనిదాన్ని, మాట్లాడేదానికి మనిషి లేక నోరు దానంతట అదే మూతబడింది. గంజి తాగినాక గూడా పుక్కిలించకుండా, నాలుకతో మెల్లగా సర్దుకునేదాన్ని. అప్పుడప్పుడు నాలుక కింద ఇసుక మాదిరి రేణువు తగిలేది. గంజిలో రాయి అనుకున్నా. బియ్యం సరిగా గాలించుకోలేదని నన్ను నేనే తిట్టుకున్నా.

పదో దినం చూపించడానికి పోతే డాక్టరమ్మ నోట్లో దీపం వేసి చూసి, అద్దం ఇంకొంచెం లోపలికి పెట్టి మళ్లీ చూసింది. కుట్టు విచ్చుకుంది. పొడి చాలా మటుకు బయటికి వచ్చేసింది.

"పుక్కిలించినావా?"

"ఒట్టు మేడమ్, ఒక్కసారి గూడా లేదు."

"సిగరెట్టు, హుక్కా?"

"అయ్యో!"

ఇంకోసారి ఫోటో తీయాలని బయట కూర్చోబెట్టినారు. అప్పుడే పక్క మసీదులో మధ్యాన్నం జొహర్ అజాన్ అయింది. ఆ నర్సు నమాజుకు ముందు కడుక్కునే వజూ చేయడానికి నల్లా దగ్గరికి పోయింది. నేను గూడా చేసుకుందామని ఆమె వెనకాల నిలబడినా. ఆమె చేతులు మూడుసార్లు కడుక్కుంది. అరచేతిలో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని గుడగుడమని పుక్కిలించి ఊసింది. మళ్లా పోసుకుంది. మళ్లా ఊసింది.

నా చేయి చున్నీ మీదుగా నోటి మీదికి పోయింది.

పదిదినాలు, దినానికి ఐదు పూటలు, పూటకు మూడుసార్లు. నేను పుక్కిలించినా. అంత గట్టిగా, అంత శ్రద్ధగా పుక్కిలించినా. అది నాకు నోరు కడుక్కోవడం కానే కాదు, నమాజులో భాగం. బుద్ధి తెలిసినప్పటి నుంచి చేయి చేసే పని. చేయి చేస్తాంటే మనసు చూడలేదు. గంజిలో రాళ్లు కావు అవి. నేను దుఆ చేసి అడుక్కున్న ఎముకను, ఆ దుఆకు ముందే నల్లా కింద ఊసేసినా.

పక్కన ఒక మనిషి ఉండుంటే మొదటి పూటే "ఏయ్, ఏం చేస్తాండావ్?" అని ఉండేది గదా. నాకు ఏడుపు వచ్చింది ఎముక పోయినందుకు కాదు, ఆ మాట అనేవాళ్లు లేనందుకు.

లోపలికి పోయి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పినా. ఆమెకు ముందు నవ్వు వచ్చింది, నా మొగం చూసి ఆపుకుంది. "నేను అడగాల్సింది. నాకు తోచలేదు" అనింది. నర్సు నా భుజం మీద చేయి వేసి, "దెబ్బ ఉన్నప్పుడు నోటికి మాఫీ ఉంది అక్కా, పెదాలు తడుపుకుంటే చాలు" అని చెప్పింది.

గాయం మానడానికి నాలుగు నెలలు ఆగినాము. రెండోసారి పొడి ఒక్కటే కాకుండా, కింది దవడ వెనకాల నుంచి నా ఎముకే కొంచెం గీకి కలిపి పెట్టింది. అప్పుడు రెండు పుండ్లు నాకు.

ఈసారి చేయి మీద నమ్మకం లేదు. సిగ్గు విడిచి చెల్లెలికి ఫోన్ చేసి అంతా చెప్పినా.

"పండ్లు లేకనేనా, నాకు ఫ్యాను చూపించింది?"

"ఊఁ."

"పిచ్చిదానా." ఇంకా ఏదో అనబోయి ఆపుకుంది. "సరే. ఐదు పూటలా నేను ఫోన్ చేస్తా. వజూకు లేచే ముందర."

మా ఊర్లో అజాన్ అయిన గంటన్నరకు ఇక్కడ అవుతాది. అది తన నమాజు చేసుకుని, గంటన్నర లెక్క పెట్టుకుని నాకు చేసేది. తెల్లవారి బర్రెకు గడ్డి వేసుకుంటా చేసేది. రాత్రి ఇషా నమాజుకు మా దగ్గర ఎనిమిదైతే దానికి తొమ్మిదిన్నర, నిద్ర ఆపుకుని చేసేది. ఎత్తుతూనే ఒకే మాట.

"అక్కా, నోరు మూసుకో!"

"మూసుకున్నాలే."

"చిన్నప్పుడు ఈ మాట నువ్వు నన్ను ఎన్నిసార్లు అన్నావో, అన్నీ ఇప్పుడు తీర్చుకుంటాండా. యల్లా, పో, వజూ చేసుకో."

యల్లా అంటే అరబ్బీలో కానియ్యమని, ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది. నేను పెదాలు తడుపుకుని మొగం కడుక్కునేదాన్ని. దినానికి ఐదుసార్లు ఒక మనిషి నా కోసం గడియారం చూస్తాంది. షార్జాకు వచ్చినాక అట్లాంటిది నాకు జరగలేదు.

రెండు వారాలకు కుట్లు తీసేసినారు. చక్కగా మూసుకుంది. "ఇంక మామూలుగా వజూ చేసుకో" అనింది డాక్టరమ్మ.

నేను చెల్లెలికి చెప్పలేదు. "ఇంకా పదిదినాలు జాగ్రత్తగా ఉండమనింది" అని చెప్పినా. పదిదినాలు అయినాక ఇంకో వారం అన్నా. అది ఫోన్ చేస్తానే ఉంది. గొంతులో నిద్ర తెలుస్తాంది, దగ్గు గూడా పట్టింది. ఒక పొద్దు సాయంత్రం అసర్ నమాజుకు చేసి, నోరు మూసుకో అనలేదు.

"అక్కా, ఇది డాక్టరమ్మ చెప్తాండేదేనా, నువ్వు చెప్తాండేదా?"

నేను చున్నీ సర్దుకున్నా.

"మానిందా?"

"మానింది."

"ఎన్నాళ్లయింది?"

"పదేడు దినాలు."

తిడతాది అనుకున్నా. "మొగం చూపీ" అనింది. ఫోన్ ఫ్యాను దిక్కు నుంచి తిప్పినా. చున్నీ తీసినా. అది కండ్లు దగ్గరికి పెట్టి చూసింది. నేను గూడా దాన్ని చూసినా. ముందర తల నెరిసింది దానికి. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు.

"జేజి మాదిరే ఉండావ్" అని, బుగ్గలు రెండూ లోపలికి పీల్చింది.

ఇద్దరం కండ్లలో నీళ్లొచ్చే దాకా నవ్వినాము. తర్వాత అది బర్రె పాలు పిండుకోవాల, నేను నమాజు చేసుకోవాల.

మరుసటి దినం నుంచి ఫోన్ రాలేదు. వారానికి ఒకసారి, శుక్రవారం చేస్తాది, ఎప్పటి మాదిరే. ఎముక అతుక్కుంది. స్క్రూలు దించినారు, కొన్ని నెలలకు పండ్లు బిగించినారు. పాప చూసి, "ఆంటీ, కొత్త పండ్లా?" అని వేలు పెట్టి తట్టింది.

ఇప్పుడు పుక్కిలించొచ్చు, ఏమీ కాదు. అయినా అజాన్ అయి నల్లా తిప్పినాక, అరచేతిలో నీళ్లు పట్టుకుని రవ్వంత సేపు ఆగుతా. అలమారా మీద ఫోన్ ఉంటాది. దాని దిక్కు ఒకసారి చూసి, అప్పుడు నోట్లో పోసుకుంటా.