ఐదో పాటలో మూడు దెబ్బలు

దయ్యాల ముచ్చట మొదలైతే నవ్వి లేచిపోయే మనిషిని నేను. మా నాయనమ్మ ఎన్ని చెప్పినా ఒక్కటీ నమ్మలేదు. ఇది కూడా ఇంకొకరు చెబితే నమ్మేదాన్ని కాదు.

ఇంటర్‌లో ఉండగా మేం ముగ్గురం ఒక రాక్ బ్యాండ్ పెట్టాం. పేరు కంకర. పాడేది నేను, గిటార్ నవీన్, డ్రమ్స్ శ్రీను. సినిమా పాటలు వద్దు, మా గోడు మేమే రాసుకుని మేమే అరవాలని పంతం. కాలేజీ ఫంక్షన్‌లో వాయిస్తే "తీన్‌మార్ కొట్టుర్రి" అని కేకలేశారు. మా మేనమామ అయితే రేకుల మీద రాళ్లు పడ్డట్టుందన్నాడు. అయినా వదల్లేదు. నాలుగు పాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టాం. విన్నది ఎక్కువగా మా క్లాసువాళ్లే.

స్టూడియో అంటే గగన్‌పహాడ్‌లో నవీన్ వాళ్ల నాన్న మూసేసిన రేకుల షెడ్డు. నెత్తి మీదనుంచే విమానాలు దిగుతాయి. ఒక్కటి వచ్చిందంటే రికార్డింగ్ చెడిపోయినట్టే. అందుకని శ్రీను ఒక పద్ధతి పెట్టాడు. విమానం చప్పుడు మాకంటే ముందే వాడికి వినబడేది. డ్రమ్ అంచు మీద పుల్లతో రెండు దెబ్బలు కొడితే ఆపాలి. అది దాటిపోయాక ఒక్క దెబ్బ కొడితే మళ్లీ మొదలుపెట్టాలి.

"పోనియ్యుర్రి. దానికి తొందరున్నది, మనకేమున్నది" అనేవాడు.

ఐదో పాటకు ముందుగా డ్రమ్స్ ఒక్కటే రికార్డు చేసిన వారానికే వాడికి డెంగ్యూ వచ్చింది. దవాఖాన నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. పదిహేడేళ్లు వాడికి.

ఇక బ్యాండ్ లేదనుకున్నాం. గిటార్ ముట్టుకుంటేనే నవీన్‌కు ఏడుపొచ్చేది. కొన్ని నెలలకు శ్రీను వాళ్లమ్మ, యాదమ్మత్త, మమ్మల్ని పిలిచింది.

"వాడు కొట్టిన ఆఖరి పాట సగంల ఉన్నదట గద బిడ్డా. పూరా చెయ్యుర్రి. ఒక్కసారి వింట."

కాదనే నోరు మాకెక్కడిది?

ఒక ఆదివారం పొద్దున ఆమెను షెడ్డుకు తీసుకెళ్లి కుర్చీ వేశాం. శ్రీను డ్రమ్స్ అప్పటికే వాళ్లింట్లో ఉన్నాయి, బట్ట కప్పి. షెడ్డులో ఉన్నది ఆమెతో కలిపి మేం ముగ్గురమే. హెడ్‌ఫోన్‌లో శ్రీను వాయింపు వింటూ పాడుతున్నాను. ఆఖరి చరణంలో టక్, టక్ అని వినబడింది. అలవాటు కొద్దీ ఆగిపోయాను. నవీన్ కూడా ఆపేశాడు.

చెవులకు ఏమీ పెట్టుకోని యాదమ్మత్త లేచి నిలబడింది. "ఎవరు కొట్టిన్రు?" అంది.

అప్పుడొచ్చింది విమానం. రేకులన్నీ అదిరాయి.

చప్పుడు తగ్గాక ఆమెకు శ్రీను పద్ధతి చెప్పాం. చెబుతూనే ముగ్గురం ఆ ఒక్క దెబ్బ కోసం చూశాం. రా రా శ్రీనుగా అని మనసులో బతిమాలాను. రాలేదు.

యాదమ్మత్త డ్రమ్స్ ఉండే ఖాళీ మూలకేసి చూసింది. తర్వాత కుర్చీ చెయ్యి మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టింది.

"ఇగ పాడు బిడ్డా" అంది.

ఏడుస్తూనే పాడాను.

తర్వాత వెతికాం. శ్రీను వాయించిన రికార్డింగ్‌లో ఆ చోట అలాంటి చప్పుడే లేదు. నా మైకులో మాత్రం రెండు దెబ్బలూ స్పష్టంగా ఉన్నాయి. ఎండకు రేకు చిటపటలాడి ఉంటుందన్నాడు నవీన్ వాళ్ల నాన్న. కావచ్చు. మరి సరిగ్గా విమానానికి ముందే చిటపటలాడాలా?

పాటలో మూడు దెబ్బలూ అలాగే ఉంచాం. మొదటి రెండూ ఎవరివో నాకు ఈ రోజుకీ తెలియదు. మూడోది వాళ్లమ్మది.