టమాటా ఒకటి, ఉల్లిగడ్డ సున్నా

నేను మిలిటరీలో పనిచేయలేదు. తిరుమలగిరిలో సైనికుల కాంపౌండ్ గోడను సిటీ బస్సు కిటికీలోంచి చూసిన, అంతే. కానీ యాభైకి దగ్గరపడ్డ వయసులో యూనివర్సిటీ సాయంత్రం లెక్కల కోర్సులో చేరి, పిల్లల మధ్య కూర్చున్నప్పుడు ఏదో ఒకటి చెప్పకుండా ఎట్లుంటం? "తిరుమలగిరిలో ఉన్నప్పుడు, వైర్‌లెస్‌లో చెడిపోయి వచ్చిన సందేశాలను చెవితో విని సరిచేసేటోణ్ణి" అన్న. చీటీలు మోసే పావురాలను కూడా కలుపుదామనుకొని ఆపుకున్న. పిల్లలు నోళ్లు తెరిచిన్రు.

ఆ మాట మాకు క్లాస్ చెప్పే మేడం చెవిన పడ్డది. నాకంటే చిన్నామె, నవ్వకుండా మాట్లాడే మనిషి. "హోంవర్క్‌లో చివరి లెక్క శనివారం మీరే బోర్డు మీద చెయ్యండి సార్. మీకేం కష్టం?" అన్నది. అప్పట్నుంచి నా కడుపులో చల్లటి రాయి. తప్పు చేసిన్నంటే నా మిలిటరీ అంతా బయటపడుతది. ఆ పిల్లల ముందు మళ్లీ కూర్చునే ముఖం ఉండదు, కోర్సు మానుకోవాల్సిందే.

లెక్క ఇదీ: ఏడు అంకెల వరస, అన్నీ సున్నాలూ ఒకట్లే. అందులో నాలుగు సందేశం, ఒకటో, రెండో, నాలుగో చోట్ల ఉన్న మూడు కావలివాళ్లు. దారిలో ఒక అంకె మారితే కావలివాళ్లలో కొందరు గోల పెడతారు. గోల పెట్టినోళ్ల చోటు నంబర్లు కూడితే మారినదాని నంబరు వస్తది, దాన్ని పట్టుకోవాలి. కాగితం మీద చేస్తే అంకెలు ఒకదాంట్లోకి ఒకటి దూరుతున్నయి. అందుకే మోండా మార్కెట్ నుంచి తెచ్చిన సంచి వంటింటి బండ మీద కుమ్మరించి వరస పేర్చిన. టమాటా ఒకటి, ఉల్లిగడ్డ సున్నా. నేను అటు తిరిగినప్పుడు మా ఆవిడ ఒకటి మార్చాలి, నేను పట్టుకోవాలి.

"నీ జిందగీల అబద్ధం పట్టుడు గిదే ఫస్ట్," అన్నది ఆమె. "చెప్పుడే ఎరుక నీకు."

రెండు రోజులు తడబడి, తర్వాత చూడంగనే చెప్పుడు షురూ చేసిన. శుక్రవారం పొద్దున "ఐదోది!" అని ఉల్లిగడ్డ తీసి టమాటా పెట్టిన. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందీ?"

"నేను మార్చింది మూడోది, ఆరోది. మంచిగున్నదాన్ని సుత నువ్వు ఖరాబు చేసినవ్."

"రెండు మార్చొద్దు! రూల్ కాదు!"

"దారిల చెడిపోయేటియి నీ రూల్ అడిగి చెడిపోతయా?"

వరస మళ్లీ పేర్చి చూసిన. రెండు తప్పులుంటే కావలివాళ్లు బాగున్నదాన్నే దొంగ అని చూపిస్తున్నరు. గొంతు వణకకుండా, అచ్చం నా తీరుగనే.

శనివారం మేడం ఏడు అంకెలు బోర్డు మీద రాసింది. చాక్‌పీస్ తీసుకొని ఒక్కో కావలిని అడుగుకుంట పోయిన. రెండో చోటి కావలి గోల పెట్టిండు, నాలుగో చోటి కావలి గోల పెట్టిండు. రెండూ నాలుగూ ఆరు.

"ఆరోది మారింది మేడం."

వెనక బెంచీల్లో చప్పట్లు.

"ఖాయమేనా సార్?" ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు.

ఖాయం అనడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నాలుక చివరిదాకా వచ్చింది. అంతల నిన్న నేను ఖరాబు చేసిన ఉల్లిగడ్డ యాదికొచ్చింది.

"ఒక్కటే మారి ఉంటే ఖాయం. రెండు మారి ఉంటే నేను చెప్పింది పచ్చి అబద్ధం. రెండిట్లో ఏదో ఈ వరస చూసి చెప్పలేం మేడం."

ఆమె మొదటిసారి నవ్వింది. మార్చింది మొదటిదీ ఏడోదీనట. "ఈ అనుమానం దెబ్బతిన్నవాళ్లకే వస్తుంది. మిలిటరీలో నేర్చుకున్నారా?"

ఇక దాచే ఓపిక లేదు. "కాదు మేడం. వంటింట్లో, టమాటాలతో. నేను మిలిటరీలో లేనే లేను."

క్లాసంతా పగలబడి నవ్వింది. "ఏం కోతలు అంకుల్! టమాటాలట! సీక్రెట్ అని చెప్తలేరు!" ఒక పిల్లగాడు లేచి సెల్యూట్ కొట్టిండు. మేడం అర్థమైందన్నట్టు తలూపింది.

"చెప్పకూడనివి చెప్పకండి సార్. చెప్పగలిగినంత మేరకు, వచ్చే శనివారం మిలిటరీ కోడ్ల మీద మీరే ఒక క్లాస్ తీసుకోండి."

కడుపులో రాయి కదిలింది. పోతున్నదేమో అనుకున్న. జెర పక్కకు జరిగి, ఇంకోదానికి చోటిచ్చింది.